తల వాల్చిన స్టాండు

కెమెరాల కొట్టు గుమ్మంలో కూర్చునే ముసలాయన పెద్ద మాటకారి అని పక్కింటావిడ చెప్పిందట.

వాళ్ళ అన్నగారబ్బాయి కొత్త స్టాండు కొనబోతే, మాటల్లో పెట్టి పాత ఇనుము అంటగట్టాడట. పాత సరుకు వదిలించినందుకు కొట్టువాడు ఆయనకి ఏదో ముట్టజెబుతాడట.

"మీకసలే మొహమాటం. జాగ్రత్త," అంది భార్య, విన్నదంతా ఫోటోగ్రాఫరు చెవిన వేసి.

ఇరవై ఏళ్ళుగా అతనికి స్టాండుతో పనిపడలేదు. వేడుకల్లో జనం మధ్య దూరి, చేత్తోనే లాగించేసేవాడు. ఇప్పుడు పనిపడింది.

సోమవారం అక్కకి ఆపరేషన్. దవడ సగం తీసేస్తారు.

"ఊళ్ళో అందరి మొహాలూ తీశావు. నీ పక్కన నా మొహం ఒక్కదాంట్లోనూ లేదు," అంది అక్క. "ఇది ఉండగానే ఒకటి తియ్యరా. మనిద్దరిదే."

"అలాగే. మీ మరదలు నొక్కుతుందిలే."

"ఈ వాపు తనెందుకు చూడాలి? నీ ముందైతే మొహానికి చుట్టుకున్న గుడ్డ తీస్తాను. ఇంకెవరి ముందూ తియ్యను."

తల్లి పోయాక అతన్ని చంక దింపకుండా పెంచిన మనిషి. కాదనలేకపోయాడు.

శనివారం పొద్దున్నే కొట్టుకి వెళ్ళాడు.

నల్లగా నిగనిగలాడే స్టాండు ఒకటి చేతికొచ్చింది. చిటికెన వేలికి తగిలించుకుని పోవచ్చు. కెమెరా బిగించే తల ఎటు తిప్పితే అటు నూనె రాసినట్టు తిరుగుతోంది.

"అది వద్దు బాబూ."

గుమ్మంలో స్టూలు మీంచి ముసలాయన లేచి వచ్చాడు. స్టాండు కాళ్ళు చాపి, పైన అరచెయ్యి పెట్టి నొక్కాడు. అప్పుడే పుట్టిన దూడ కాళ్ళలా వణికాయి.

"నీ కెమెరా బరువెంత?"

"లెన్సుతో కిలోన్నర."

"ఇది మొయ్యలేదు. కాళ్ళు పోనీలే అనుకున్నా తల మరీ అన్యాయం. బిగిసినట్టే ఉంటుంది. నువ్వు అటు తిరగ్గానే వాలిపోతుంది."

మూలనుంచి రంగు లేచిపోయిన స్టాండు ఒకటి ఈడ్చుకొచ్చాడు.

"వాడినదే. బరువే. కానీ కొత్తదాంట్లో సగం ధర. కాళ్ళు ఇవి తీసుకో, మిగిలిన డబ్బుతో తల విడిగా కొనుక్కో. లోపల ఇత్తడి మర ఉందో లేదో చూసుకో. ఇంటికెళ్ళి కెమెరా పట్రా. బిగించి, లెన్సు కిందికి వంచి, నిమిషం ఆగి చూసి మరీ కొను."

పాత ఇనుము. పక్కింటావిడ చెప్పినట్టే ఉంది వరస.

"పెద్దాయనా, ఇరవై ఏళ్ళుగా ఈ పనే నాది. నాకు చెప్పకు."

"కెమెరా సంగతి నీకు తెలుసు బాబూ. స్టాండు సంగతి నేను చెబుతున్నా."

అంటూ నల్ల స్టాండుని గట్టిగా పట్టుకున్నాడు. వదల్లేదు.

ఫోటోగ్రాఫరుకి ఒళ్ళు మండింది. కొట్టు యజమాని వైపు తిరిగాడు.

"కొనేవాళ్ళ చేతుల్లోంచి సరుకు లాక్కునే మనిషిని గుమ్మంలో ఎందుకు పెట్టుకున్నారు? ఈయన ఇక్కడుంటే నేనూ రాను, నా తోటివాళ్ళనీ రానివ్వను."

యజమాని ముసలాయన వంక చూశాడంతే.

ముసలాయన స్టాండు వదిలేసి, చేతిసంచీ అందుకుని మెట్లు దిగిపోయాడు.

ఆదివారం మధ్యాహ్నం కిటికీ పక్కన రెండు కుర్చీలు వేసి, కొనుక్కొచ్చిన నల్ల స్టాండు మీద కెమెరా బిగించాడు. నాలుగింటికి బండి వస్తుంది, అక్క ఆసుపత్రిలో చేరాలి.

అక్క గుడ్డ విప్పింది. మొహం వెలుతురు వైపు తిప్పడానికే ఆయాసపడింది.

"నవ్వనా?"

"నొప్పేమో అక్కా."

"నొప్పే. అయినా నవ్వుతా. మళ్ళీ ఈ నవ్వెక్కడొస్తుంది."

పది సెకన్ల టైమరు నొక్కి, పరుగున వచ్చి పక్కన కూర్చున్నాడు.

ఎర్రదీపం మిణుకుమిణుకుమంటోంది. కెమెరా చూపు మొహాల మీంచి మెల్లగా జారుతోంది. మెడలు. ఒళ్ళో చేతులు. మోకాళ్ళు.

లేస్తే ఫోటో పోతుంది. కూర్చున్నా పోతోంది. కూర్చునే చూశాడు.

టక్కుమంది. రెండు జతల పాదాలు పడ్డాయి.

"బాగా వచ్చిందా?" అక్క ఇంకా నవ్వుతూనే ఉంది.

"ఇంకోటి తీద్దామక్కా."

ఈసారి పటకారుతో బిగించాడు. బిగిసిందనే అనుకున్నాడు. టైమరు నొక్కి, కుర్చీ దాకా వచ్చాడో లేదో, వెనక స్టాండు తల విరిగింది. కెమెరా మొహం బోర్లా నేలకి కొట్టుకుంది. లెన్సు ఒక వైపు, కెమెరా ఒక వైపు.

వీధిలో బండి హారన్ మోగింది.

"ఫోన్లో తీద్దామక్కా. ఒక్క క్షణం."

"చాల్లేరా." అక్క అప్పటికే గుడ్డ చుట్టుకుంటోంది. "ఇంక నవ్వలేను."

బుధవారానికి అక్క మొహం నిండా కట్లు. కట్టు విప్పాక అద్దం ఇవ్వొద్దని నర్సు చెప్పింది. అతను విరిగిన స్టాండు తీసుకుని కొట్టుకి వెళ్ళాడు.

గుమ్మంలో స్టూలు లేదు.

"పెద్దాయన ఏరీ?"

"మీరేగా పొమ్మన్నారు. మళ్ళీ రాలేదు."

"ఇల్లెక్కడ?"

"ఎప్పుడూ అడగలేదు. పొద్దున్నే వచ్చేవాడు, చెడిపోయిన స్టాండ్లు ఊరికే బాగుచేసి పెట్టేవాడు. నా దగ్గర కాఫీ కూడా తాగి ఎరగడు."

"మరి ఆయనకెందుకండీ ఇదంతా?"

యజమాని విరిగిన తలని చేతిలోకి తీసుకుని, లోపల చిట్లిన మర చూసి, బల్ల మీద పెట్టాడు.

"ఇది చేసింది ఆయనే. కంపెనీవాళ్ళు ఇత్తడి మర తీసేసి ప్లాస్టిక్‌ది వెయ్యమంటే నాలుగేళ్ళు వేశాడు. తర్వాత పని మానేసి, ఇవి ఎవరూ కొనకుండా నా గుమ్మంలో కాపలా కూర్చున్నాడు. మీరు లేపి పంపేశారు."