కుందేళ్ళ జట్టుకి కొత్త కోచ్

కుందేళ్ళ ఫుట్‌బాల్ జట్టుకి కోచ్‌గా ఉన్న ముసలి తాబేలు, ఇక నా వల్ల కాదంటూ చెరువులోకి వెళ్ళిపోయింది. మేకలతో ఆట దగ్గరపడింది. ఈసారీ ఓడితే వాగు ఒడ్డు పచ్చిక మేకలకే పోతుంది.

ఎన్నో అడవుల జట్లను గెలిపించిన కొంగని పిలిపించారు. అది ఆట చూసి ఒకే మాట చెప్పింది. "చప్పుడైతే చాలు, బొరియల్లో దూరుతున్నారు. ముందు అది మానండి."

కుందేళ్ళకి ఒళ్ళు మండింది. "మన తాతల నాటి అలవాటుని తప్పుబట్టడానికి ఈ కొంగెవరు?"

అప్పుడు ఆ జట్టులోనే ఆడి పెరిగిన పెద్ద చెవుల కుందేలు లేచింది. "నేనూ మీలో ఒకణ్ణే. మీ భయం నాకు తెలుసు. మీరేమీ మానక్కర్లేదు" అంది. చప్పట్లు కొడితే చప్పుడవుతుంది కనుక అందరూ చెవులు ఊపి దాన్నే ఎన్నుకున్నారు. కొంగ ఎగిరిపోయింది.

ఆట రోజున రిఫరీ గోరింక ఆట మొదలుపెడుతూ ఈల వేసింది. ఆ చప్పుడుకి కుందేళ్ళన్నీ మాయమయ్యాయి. మేకలు నింపాదిగా నెమరు వేస్తూనే బంతిని గోల్‌లోకి నెట్టాయి.

బొరియలో కుందేళ్ళు ఇరుక్కుని కూర్చున్నాయి. అన్నిటికంటే లోపల, గోడకి ఆనుకుని, కొత్త కోచ్ ఉంది.

"ఎంతైనా మనవాడు" అంది ఒక ముసలి కుందేలు మెచ్చుకోలుగా. "అందరికంటే ముందు దూరాడు."