వాసన లేని చొక్కా

తమ్ముడు పెరట్లో చొక్కా ఉతుకుతున్నాడు. సబ్బు లేదు, నురగ లేదు. వేడినీళ్ళలో ఇంత వంటసోడా వేసి, చేతులకు రబ్బరు తొడుగులు వేసుకుని జాడిస్తున్నాడు. మొన్న ఊరి నుంచి వచ్చిన అక్క గుమ్మంలో నిలబడి చూసి చూసి, ఇక ఉండబట్టలేకపోయింది.

“మళ్ళీ అడవికేనా?”

అతను తల ఎత్తలేదు. చెట్లకు కెమెరాలు కట్టి జంతువుల ఫొటోలు తీయడం అతని ఉద్యోగం.

“సబ్బుకేం రోగం?”

“ఎంత జాడించినా దాని వాసన పోదక్కా. లేడికి ఒక్కసారి మన వాసన తగిలిందంటే ఇక ఆ దారి తొక్కదు.”

“తలకి నూనె కూడా మానేశావు. పిచ్చుక గూడులా ఉంది నీ జుట్టు.”

“నూనె అయితే ఆమడ దూరం కొడుతుంది.”

అక్కకు నవ్వు రాలేదు. లోపలి గదిలో మరదలు మంచం పట్టి ఉంది. కొత్త మందులు మొదలుపెట్టాక గంజి కూడా కడుపులో నిలవడం లేదు. ఇంకెన్నాళ్ళని అడిగితే డాక్టరు కాగితాలు సర్దుకున్నాడు. అలాంటి మనిషి పక్కన మొగుడు కూర్చోవడం అక్క ఒక్కసారీ చూడలేదు. గడప దగ్గరే నిలబడి పలకరించి వచ్చేస్తాడు.

“దాని చెయ్యి పట్టుకుని కూర్చోరా, అంతే చాలు. తలుపు వైపే చూస్తూ పడుకుంటోంది.”

“కూర్చుంటానక్కా. ఇది ఆరనీ.”

“ఇది ఆరేలోపు అది...” అక్క మాట మింగేసింది. కళ్ళు తుడుచుకుని వంటింట్లోకి వెళ్ళి బాణలి పొయ్యి మీద పెట్టింది.

“అక్కా, ఏమీ వేయించకు! చొక్కాకి పట్టేస్తుంది.”

అక్కకు ఒళ్ళు మండిపోయింది. “అడవిలో జంతువుకున్న పాటి విలువ కట్టుకున్నదానికి లేదురా ఈ ఇంట్లో!”

అతను చొక్కా పిండి తీగ మీద ఆరేశాడు. ఎండ చురుక్కుమనే వేళకు చొక్కా ఆరింది. ముక్కు దగ్గర పెట్టుకుని చూశాడు. మళ్ళీ చూశాడు. తొడుక్కున్నాడు.

అది చూడలేక అక్క తన సంచి భుజాన వేసుకుంది. మరదలికి మొహం చూపించే ధైర్యం లేకపోయింది. మాటా పలుకూ లేకుండా వీధి గుమ్మం దాటి, గది కిటికీ కింద విడిచిన చెప్పుల్లో కాళ్ళు పెట్టింది.

కిటికీలోంచి మరదలి గొంతు సన్నగా వినిపించింది.

“ఇవాళ మీ వాసనకి కడుపు తిప్పడం లేదండీ, దగ్గరికి రండి.”