మేడ్చల్ రోడ్డులో దేశ భద్రత

శామీర్‌పేట చెరువు దాటగానే మేడ్చల్ బస్సును పోలీసులు ఆపేశారు. రోడ్డుకు అడ్డంగా డ్రమ్ములు, పక్కన జీపు. మే నెల ఎండ పొద్దున్నే మాడుస్తోంది.

“అందరూ సామాన్లతో దిగండి.”

గౌరయ్య గబగబా దిగి టైం చూసుకున్నాడు. కూతురు తేజస్వికి పదింటికి కండ్లకోయ కాలేజీలో ఎంసెట్. నిమిషం ఆలస్యమైనా గేటు మూసేస్తారు. పిల్ల ఏడాదంతా పెళ్లిళ్లకు కూడా పోకుండా చదివింది.

కానిస్టేబుళ్లు ఎవరి జేబులూ తడమలేదు, కాగితాలూ అడగలేదు. సంచులు, మూటలు, డబ్బాలు మాత్రం వదల్లేదు. సీట్ల కిందకు దూరి మరీ వెతికారు. సుక్కమ్మ అనే ముసలమ్మ సద్దిగిన్నె మూత తీసి ఒకతను వాసన చూశాడు. అంచుకు అంటిన కారం వేలితో తీసి నాలుక మీద వేసుకుని ఆలోచనలో పడ్డాడు.

“బాంబు మందు గట్లనే పసిగడ్తరంట,” అంది సుక్కమ్మ భయంగా.

లా చదివే దీక్షిత్‌కు మాత్రం ఒళ్లు మండింది. “దేనికోసం వెతుకుతున్నారో చెప్పండి సార్. కారణం లేకుండా మా సంచులు విప్పే హక్కు మీకు లేదు.”

ఎస్సై శ్రద్ధగా విన్నాడు. హక్కులు తెలిసినవాడు కదా అని అతని సంచి రెండుసార్లు వెతికించాడు.

గౌరయ్య చేతులు జోడించాడు. “సారూ, నా బిడ్డకు పరీక్షున్నది. మమ్ములనన్న ఇడువుండ్రి, ఆటోల పోతం.”

“పైనుంచి ఆర్డరయ్యా. తనిఖీ అయ్యేదాకా ఎవరూ కదలొద్దు.”

తేజస్వి సంచి తలకిందులు చేసి దులిపారు. అట్ట, పెన్నులు మట్టిలో పడ్డాయి. ఆ తర్వాత మళ్లీ బస్సెక్కి మొదటి సీటు నుంచి మొదలుపెట్టారు.

పది దాటింది. తేజస్వి బస్సు మెట్టు మీద కూలబడి ఏడ్చింది.

“ఊకో బిడ్డా,” అన్నాడు గౌరయ్య.

ఎస్సై గొంతు మెత్తబడింది. “దేశ భద్రత ముందు పరీక్షెంతమ్మా? వచ్చే ఏడు రాసుకోవచ్చు.”

అప్పుడే జీపులో వైర్‌లెస్ సెట్టు గరగరలాడింది: “సార్, ఇక ఆపేయమన్నారు, పెద్దసారు అత్తగారు బస్సులో మరిచిపోయాననుకున్న ఆవకాయ జాడీ ఇంట్లోనే మంచం కింద దొరికిందంట.”