ఆకు రాల్చిన పారిజాతం

పెరట్లో పారిజాతం పాదులో ఎవరో ముసలాయన చెంబుతో నీళ్లు పోస్తున్నాడు.

తవిటమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది. కాపురానికొచ్చి ఆర్నెల్లు, కడుపులో మూడో నెల. మొగుడు జగన్నాధం పొలం వెళ్లాడు. రామతీర్థం దారిలో, ఊరికి ఎడంగా ఒంటి ఇల్లు.

"ఎవులు నువ్వు? ఏటి సేస్తన్నావు?"

"దారిన పోతన్నోణ్ణి తల్లీ. మొక్కకి దాహమేస్తన్నాది."

"అది సచ్చిపోనాది. రేపు కొట్టేస్తాను. కడుపుతో ఉన్నదాని ఎదర ఎండుమాను ఉండకూడదంట."

ముసలాయన చెంబు కింద పెట్టేశాడు.

"సావలేదమ్మా! ఎండలకి ఆకు రాల్చింది. వానలు పడితే సిగురేస్తాది. అందాకా కొట్టకు. నీకు దండమెడతాను."

తండ్రి వయసువాడు దండం పెడితే కాదనగలదా? సరేనంది.

ఆనాటి నుంచి ముసలాయన రోజూ, జగన్నాధం గడప దాటాకే వచ్చేవాడు. నీళ్లు పోసి, మొక్క దగ్గర చతికిలబడి ఏదో గొణిగేవాడు.

ఒకనాడు, "మీ ఆయనకి సెప్పకమ్మా" అన్నాడు.

అంతే, తవిటమ్మకు అనుమానం పట్టుకుంది. చిల్లంగి! చేతబడి చేసేవాళ్లే కదా ఇలా గొణిగేది!

మనిషి చంద్రుడి మీదికి వెళ్లిన ఏడాదే అది. అయితేనేం, కడుపుతో ఉన్న పిల్ల భయం ఆ పిల్లది. చీపురు తిరగేసింది.

"నా కడుపు మీద సిల్లంగి పెడతావా? మళ్లీ ఇటేపొచ్చావంటే ఊరోళ్లని పిలుస్తాను!"

ఆయన "సల్లగుండమ్మా" అని, ఎడంకాలు ఈడ్చుకుంటూ వెళ్లిపోయాడు.

వానలు పడ్డాయి. మొక్క చిగురేసింది. దసరా నాటికి పెరడంతా పువ్వులే.

నిండు కడుపుతో వంగి రాలిన పువ్వులు ఏరుతుంటే తవిటమ్మకు ఏడుపొచ్చేది. అయ్యో, పెద్దాయన్ని ఎంత మాటన్నాను! కాళ్ల మీద పడి తప్పైపోయిందని చెబుదామని రోజూ దారికేసి చూసేది. ఆయన రాలేదు.

ఒక సాయంత్రం జగన్నాధం ఎక్కడో చావుకి వెళ్లొచ్చి, నూతి దగ్గర తలమీద నీళ్లు పోసుకున్నాడు. తడిబట్టతోనే పారిజాతం కింద కూలబడ్డాడు.

"ఎవులు పోనారు?" అంది తవిటమ్మ.

"దాలయ్య మావ. నా మొదటి పెళ్లాం తండ్రి. ఆ పిల్ల పోయేముందు నాటిన మొక్కే ఇది. కొత్తపిల్ల మనసు కష్టపెట్టుకుంటాదని, నేనెంత పిలిసినా ఈ ఇంటికి రానన్నాడు."

తవిటమ్మ మొక్క పాదుకేసి చూసింది.

"ఎడంకాలు... ఈడ్చి నడుస్తాడా?"

"అవును. నీకెలాగ తెలుసు?"



జగన్నాధం కళ్లు తుడుచుకున్నాడు.

"మళ్లీ పెళ్లొద్దని నేను మొండికేస్తే, మీ ఊరొచ్చి నిన్ను దూరాన్నుంచే సూసి, ఇది నా కూతురే అనుకుంటానురా అని నన్ను ఒప్పించినోడు ఆయనే తవిటీ."