పేకాట బిళ్ల మీద పడవ

"రేపట్నించి ఒక్క ప్రెస్సే నడుస్తుంది. మీ ఇద్దరిలో ఒక్కళ్లే ఉంటారు," అన్నాడు సూపర్‌వైజరు.

పేకాటలో డబ్బుకి బదులు వాడే బిళ్లలు తయారుచేసే ఆ షెడ్డులో అత్తదో ప్రెస్సు, కోడలిదో ప్రెస్సు. ఒకరి వేడి ఒకరికి తగలకుండా మధ్యలో రేకు అడ్డం.

"ఎవరుండాలో ఎలా తేలుస్తారు?" అడిగింది అత్త.

"చెరో ట్రే నమూనా బిళ్లలు చెయ్యండి. ఎవరి బొమ్మలు తిన్నగా కూర్చుంటే వాళ్లు రేపు పనికొస్తారు. రెండోవాళ్లు ఇంట్లో వంట చేసుకుంటారు."

"అయితే వంటకి నా కోడలే వెళ్లాలి. నా చేతి కూర తినలేకే మా అబ్బాయి అంత తొందరగా పెళ్లి చేసుకున్నాడు."

సూపర్‌వైజరు నవ్వాడు. కోడలు నవ్వలేదు. సెలవురోజు వస్తే చాలు, అత్త కాలు కాలిన పిల్లిలా ఇల్లంతా తిరుగుతుంది. ఈ ప్రెస్సు పిడి పట్టుకుంటేనే ఆవిడకి ప్రాణం లేచొస్తుంది. ఇది కాస్తా పోతే మనిషి మంచం పట్టేస్తుందని కోడలి భయం.

పని మొదలైంది. అచ్చు గుంటలో ముందు ఒక బొమ్మకాగితం బోర్లా వెయ్యాలి. దాని మీద లక్క కలిపిన ఎర్రమట్టి బిళ్ల. ఆ పైన ఇంకో బొమ్మకాగితం, ఈసారి వెల్లకిలా. అప్పుడు మూత దించి వేడి మీద అదమాలి. మట్టి మెత్తబడి కాగితాన్ని తనలోకి లాక్కుంటుంది. చల్లారాక గోరుతో గీకినా అంచు దొరకదు. వంకరగా పడిందా, ఇక జన్మకి వంకరే. ఇవాళ్టి బొమ్మ తెరచాప పడవ.

"తొందరపడి చెయ్యి కాల్చుకోకు," రేకు అవతల్నించి అత్త అరిచింది. "ఎలాగూ ఓడిపోతావ్, చెయ్యన్నా మిగుల్చుకో."

"మీరు కళ్లజోడు పెట్టుకున్నారా అత్తయ్యా?"

"నా వేళ్లకే కళ్లున్నాయ్. నీ సంగతి చూసుకో!"

కోడలు కాగితం వేసింది. అలవాటు పడిన చెయ్యి, వద్దన్నా మధ్యలోనే పెట్టేస్తోంది. ఊపిరి బిగబట్టి, చిటికెనవేలితో దాన్ని ఓ పక్కకి నెట్టి మూత దించేసింది. తర్వాతదీ నెట్టింది. మూత పడ్డాక లోపలేముందో ఎవరికీ కనబడదు. అదొక్కటీ మేలే అయింది.

"ఏమిటే, ఉలుకూ పలుకూ లేదు? ఏడుస్తున్నావా?"

"లేదత్తయ్యా. ముక్కులోకి మట్టిపొడి పోయింది."

"పొడి పోతే తుమ్మొస్తుంది గానీ ముక్కు చీదడం రాదు." అత్త గొంతు కాస్త తగ్గింది. "మంచినీళ్లు తాగు. ఆ చేతుల్తో కళ్లు నలుపుకోకు."

చల్లారిన బిళ్లల్ని ట్రేల్లో సర్ది, గుడ్డ కప్పి, ఇద్దరూ బల్ల దగ్గరికి తెచ్చారు. సూపర్‌వైజరు ముందు కోడలి ట్రే మీద గుడ్డ తీశాడు. ప్రతి బిళ్ల మీదా పడవ అంచుకి జారిపోయి ఉంది. ఒక పక్క బోలెడు మట్టి, ఇంకో పక్క అసలు లేదు.

"ఏమ్మా, తుఫానొచ్చిందా?" అన్నాడు.

కోడలు తల దించుకుంది. గుండె మాత్రం దూదిపింజలా తేలికైపోయింది.

అత్త తోసుకుంటూ వచ్చి ట్రేలోకి తొంగిచూసింది. మొహం జేవురించింది.

"ఏం చేశావే! నిన్నటిదాకా గీత గీసినట్టు పెట్టావు కదే! నీకు పని నేర్పింది ఇందుకా?"

"పోనిద్దురూ. మీరు గెలిచారుగా అత్తయ్యా."

"నోర్ముయ్! సార్, ఇది లెక్కలోకి రాదు. దీనిచేత ఇంకో ట్రే చేయించండి."

"ఒక్క ట్రేనే అని ముందే చెప్పాను కదమ్మా. మీదిలా ఇవ్వండి."

అత్త ఇవ్వలేదు. ట్రేని రెండు చేతుల్తో పొట్టకి అదుముకుని అలాగే నిలబడింది. సూపర్‌వైజరే చెయ్యి చాచి గుడ్డ లాగాడు.

ఒక్క బిళ్ల మీదా పడవ లేదు, అంతా తెల్లకాగితమే. అత్త బొమ్మలన్నిటినీ మట్టివైపు తిప్పి అదిమేసింది.