మాత్ర కరిగేదాకా

మత్తు సూదులు మానుతున్న వాళ్లందరి ఇళ్లలో లాగే పైడిరాజు వంటింటి గోడకూ మాత్రల పెట్టె ఉంది. రోజూ పొద్దున్న అదిచ్చే మాత్రను నాలుక కింద పెట్టుకుని, కరిగేదాకా నోరు విప్పకూడదు. మాత్ర ఇచ్చేముందు కాస్త ఉమ్మి తీసుకుని, అందులో రోగాలూ చూస్తుంది పెట్టె.

ఒకే సూదిని నలుగురితో పంచుకున్న పాపానికి, భార్య నూకరత్నానికి ఏం అంటిస్తానోనని అతను మూడు నెలలుగా వసారాలో పడుకుంటున్నాడు. అన్నాళ్లూ నిండితేగానీ రోగం అంటిందో లేదో పెట్టె ఖాయంగా చెప్పదు. ఈరోజుతో నిండాయి.

“హెచ్‌ఐవీ లేదు. హెపటైటిస్ లేదు. ఇక భయం లేదు,” అంది పెట్టె.

పైడిరాజు కళ్లు తుడుచుకుని ఏదో అనబోయాడు.

“మాటాడకు, మాత్ర కరగనీ,” అంటూ నూకరత్నం స్టవ్ ఆపి, వసారాలోంచి అతని చాప తెచ్చి తన చాప పక్కన పెట్టి, అతని వైపు తిరిగింది.

“వొద్దంటే ఇప్పుడే సెప్పు.”