వెంట్రుక తెగే బలం

"సార్ గడ్డంలోది ఒక్క వెంట్రుక ఇప్పిస్తారా అమ్మా?"

మేడమీద గదిలో అద్దెకుండే మస్తాన్‌రావు మెట్ల దగ్గర నిలబడి అడిగాడు.

పార్వతమ్మ చేతిలో చీపురు ఆగిపోయింది.

"ఏంది?"

"ఒక్కటి చాలు. పీకొద్దు. కత్తెరతో కత్తిరించి ఇవ్వండి."

"ఎందుకూ?"

"చిన్న పనుంది. తర్వాత చెప్తా."

మాచర్లలో ఆడవాళ్ళు దువ్వెనకొచ్చిన చిక్కు వెంట్రుకల్ని కూడా చుట్టచుట్టి, తూ తూ అని ఊసి గానీ పారేయరు. పరాయివాడి చేతిలో పడితే చేతబడి చేస్తాడని భయం. అలాంటిది మొగుడి గడ్డంలో వెంట్రుక అడిగితే ఏ ఇల్లాలు ఇస్తుంది?

"పోవయ్యా పో" అని తలుపేసుకుంది.

లోపల వెంకట్రామయ్య గోడవైపు తిరిగి కుర్చీలో కూర్చున్నాడు.

ఒకప్పుడు రోజూ నున్నగా గడ్డం గీయించుకుని, బస్టాండు దగ్గర నలుగురితో టీ తాగితే గానీ తెల్లారని మనిషి. గుండె ఆపరేషనయ్యాక రక్తం పల్చబడే బిళ్ళలు రాశారు. చిన్న గాటు పడినా రక్తం ఓ పట్టాన ఆగదు. మంగలి షాపువాడు చూసి భయపడి దండం పెట్టేశాడు. మిషన్ పెడితే బుగ్గ మీద పులిపిరి తెగింది. ఇక గడ్డం దాని ఇష్టం వచ్చినట్టు పెరిగింది.

ఆ వయసు మనిషి గడ్డం పెంచితే ఊళ్ళో అందరిదీ ఒకటే ప్రశ్న.

"అన్నా, ఇంట్లో ఎవరు పోయారు?"

కొన్నాళ్ళు జవాబు చెప్పాడు. తర్వాత బయటికి పోవడం మానేశాడు. ఆ తర్వాత పార్వతమ్మతో కూడా మాట తగ్గించాడు. మొగుడు గోడతో, ఆమె పొయ్యితో కాలం గడుపుతున్నారు.

వచ్చే వారం కూతురు భార్గవి పెళ్ళి.

"కన్యాదానం తమ్ముణ్ణి చెయ్యమను. ఈ మొహంతో నేను పీటల మీద కూర్చోను" అన్నాడు.

ఆ మాటకి పార్వతమ్మ వంటింట్లోకి పోయి ఏడ్చింది.

మర్నాడు సాయంత్రం ఆరేసిన బట్టలు తీయడానికి మేడెక్కింది. మస్తాన్‌రావు గది తలుపు ఓరగా ఉంది.

బల్ల మీద కంసాలి కాటా లాంటిది. దానిమీద రెండు మేకుల మధ్య ఒక్క వెంట్రుక బిగించి ఉంది. అతను ఊపిరి బిగబట్టి మర తిప్పుతుంటే పైనుంచి కత్తి అంచు కొద్దికొద్దిగా దిగుతోంది. వెంట్రుక పుటుక్కున తెగింది. అతను ఏదో అంకె గొణుక్కున్నాడు. కిటికీలో చిన్న చిన్న పొట్లాలు. ఒక్కోదాంట్లో ఒక్కో వెంట్రుక, పైన ఒక్కో పేరు.

పార్వతమ్మ కేకకి వీధంతా మేడెక్కింది.

పక్కింటి జక్కయ్య అతని చొక్కా పట్టుకున్నాడు.

"ఏందిరా ఇది? ఎవరి ప్రాణం తీస్తన్నావు?"

"వెంట్రుక తెగాలంటే ఎంత బలం కావాలో కొలుస్తున్నానన్నా."

"వెంట్రుకకి బలమా? మా చెవిలో పువ్వులు కనపడతన్నయ్యా?"

అనుమానం పెనుభూతం అంటారు. ఆ సాయంత్రం అది వీధి వీధంతటినీ పట్టుకుంది. ఒకడు సంచి విసిరేశాడు, ఒకడు పోలీసులన్నాడు. పార్వతమ్మ పొట్లాలన్నీ వాకిట్లో కుప్పపోసి అగ్గిపుల్ల గీసింది.

"వద్దమ్మా, వాళ్ళందర్నీ మళ్ళీ అడగాలి" అన్నాడు మస్తాన్‌రావు.

కాటా సంచిలో పెట్టుకుని బస్టాండు వైపు నడిచాడు. ఎక్కడికని అడిగిన మనిషి లేడు.

ఆదివారం పొద్దున గురజాల నుంచి మీరా సాహెబ్ అనే పెద్దాయన వచ్చాడు.

"మస్తాన్‌రావు గారి గది ఇదేనా అమ్మా?"

"ఖాళీ చేయించాం. మీ వెంట్రుక కూడా పట్టుకుపోయాడా ఏంది?"

"నేనే ఇచ్చా. రెండేళ్ళయింది."

"మరి మీకేం కాలేదా?"

"ఏమవుద్దమ్మా?" అని నవ్వాడాయన. "ఎంత బలానికి చర్మం గాటు పడుద్దో ఆయనకి తెలుసు. వెంట్రుక అంతకన్నా తక్కువకే తెగితే, ఆ కొలతకి తన కత్తికి స్ప్రింగు బిగించి పని మొదలెడతారు. తెగకపోతే దండం పెట్టి పోతారు. అందుకే లెక్క తేలేదాకా ఎవరికీ ఎందుకో చెప్పరు. ఆశపెట్టి కాదంటే మనిషి కుంగిపోతాడంటారు."

"ఇప్పుడెక్కడుంటాడు?"

"ఇక్కడుంటారనే వచ్చానమ్మా. నాలుగు రోజులుగా ఫోను స్విచాఫ్. భార్య పోయాక ఆయనకంటూ ఎవరూ లేరు."

మంచినీళ్ళడిగి, జేబులోంచి బిళ్ళ తీసి వేసుకున్నాడు. ఆ బిళ్ళ పార్వతమ్మకి బాగా తెలుసు. మొగుడికి రోజూ తను ఇచ్చేదే.

ఆమె ఆయన మొహంలోకి చూసింది. నున్నటి బుగ్గలు. ఎక్కడా గాటు లేదు.

లోపల కుర్చీ జరిగిన చప్పుడైంది. వెంకట్రామయ్య గుమ్మం దాకా వచ్చి, ఆ బుగ్గల్ని ఆశగా చూస్తూ నిలబడ్డాడు.

"ఏం పని చేసేవాడన్నా ఆయన?" అడిగాడు.

మీరా సాహెబ్ అతని గడ్డం చూశాడు. గొంతు తగ్గించాడు.

"ఏ షాపోడూ కత్తి పెట్టని మనలాంటోళ్ళకి, ఊరూరా తిరిగి గడ్డం గీసేవారన్నా."